ఆట విద్యకు వారసులు కావాలి

కళాశాల క్రీడాజట్ల గెలుపోటములను విశ్లేషించేటప్పుడు క్రీడాకారుల ప్రతిభ, మైదానం, పరికరాలు, నిధులు చర్చకు వస్తాయి గాని, ఆ జట్టుకు ఆట నేర్పేవారు ఎందరు, వారిలో ఎవరెవరు ఏయే పనులు చూస్తారు, ఒకరు తప్పుకున్నప్పుడు వారి అనుభవం ఎవరికి సంక్రమిస్తుంది అన్న ప్రశ్నలు సాధారణంగా ఎవరికీ తట్టవు. హైదరాబాద్‌లో, ముఖ్యంగా పాతబస్తీలో, ఈ ప్రశ్నలను ఇక దాటవేయడానికి వీల్లేదు. భారత ఫుట్‌బాల్‌కు అత్యుత్తమ శిక్షకుడిని అందించిన నగరం ఇదే. ఆయన కన్నుమూసిన తరువాత ఆ విద్యను తన మైదానాల్లో నిలుపుకోలేకపోయిన నగరమూ ఇదే. ఒక గొప్ప గురువు దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. ఆ గురువు విద్య తరువాతి తరానికి అందడం మాత్రం శిక్షక బృందం మీద, అంటే పనులు పంచుకుని ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూ ఒకే జట్టు కోసం పాటుపడే కోచ్‌ల సముదాయం మీద, ఆధారపడుతుంది. ఈ తేడాను స్పష్టంగా చూపగల ఆటల్లో సాఫ్ట్‌బాల్ ఒకటి. విశ్వవిద్యాలయాల మధ్య స్త్రీలకు, పురుషులకు విడివిడిగా పోటీలు జరిగే ఈ ఆటకు మన కళాశాలలు ఎలాంటి శిక్షణ ఏర్పాటు చేయాలన్నది ఆలోచిస్తే, మిగతా బృంద క్రీడలకూ దారి కనిపిస్తుంది.

ఒక్కరితో సాగని ఆట

సాఫ్ట్‌బాల్ 1887లో అమెరికాలోని షికాగో నగరంలో, బేస్‌బాల్‌కు ఇండోర్ రూపంగా పుట్టింది. జట్టుకు తొమ్మిది మంది చొప్పున ఫీల్డింగ్ చేసే ఈ ఆటలో సాధారణంగా ఏడు ఇన్నింగ్స్ ఉంటాయి. మైదానంలో నాలుగు మూలల్లో ఉండే బేస్‌లను వరుసగా తాకి మొదటి స్థానానికి తిరిగి వచ్చిన బ్యాటర్ ఖాతాలో ఒక పరుగు చేరుతుంది. బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బేస్‌ల మధ్య దూరం 60 అడుగులు. మహిళల పోటీల్లో బంతి విసిరే పిచర్‌కు, బ్యాటర్ నిలిచే చోటుకు మధ్య దూరం 43 అడుగులు. పిచర్ చేతిని భుజం చుట్టూ పూర్తిగా తిప్పి, నడుము కిందినుంచి బంతిని వదులుతుంది. విండ్‌మిల్ అని పిలిచే ఈ పద్ధతిలో గంటకు 100 కిలోమీటర్ల వేగం మేటి క్రీడాకారిణులకు అసాధారణమేమీ కాదు. పిచర్ ఒక పెద్ద అడుగు ముందుకు వేసి బంతిని వదులుతుంది కాబట్టి, ఆ వేగంతో వచ్చే బంతిని చూసి, అంచనా వేసి, కొట్టాలో వదిలేయాలో తేల్చుకోవడానికి బ్యాటర్‌కు మిగిలేది దాదాపు 0.4 సెకను మాత్రమే.

ఈ కొలతలకూ శిక్షణకూ సంబంధం ఉంది. విండ్‌మిల్ పద్ధతిలో భుజానికి, మోచేతికి, నడుముకు పడే ఒత్తిడి చిన్నది కాదు. చేయి తిరిగే దారి, అడుగు పడే తీరు, బంతిని వదిలే క్షణం సరిగా కుదరకపోతే వేగం రాకపోవడమే గాక గాయమూ తప్పదు. పైకి లేచే రైజ్ బాల్‌ను, చివర్లో కిందికి జారే డ్రాప్ బాల్‌ను, వేగం తగ్గించి బ్యాటర్‌ను ఏమార్చే చేంజప్‌ను నేర్పడానికి, పిచర్ మణికట్టును, వేళ్లను ప్రతి విసురులోనూ గమనించే వ్యక్తి పక్కనే ఉండాలి. బ్యాటర్ వెనుక కూర్చునే క్యాచర్ బంతిని అందుకుని ఊరుకోదు. ఏ బంతి విసరాలో పిచర్‌కు సైగ చేస్తుంది, ఫీల్డర్లను సర్దుతుంది, బేస్ దొంగిలించబోయే ప్రత్యర్థిని బంతి విసిరి అడ్డుకుంటుంది. ఆమెకు కావలసిన శిక్షణ వేరు, బ్యాటర్‌కు కావలసిన శిక్షణ వేరు, లోపలి మైదానంలో నేలబారు బంతిని క్షణంలో అందుకుని మొదటి బేస్‌కు విసరాల్సిన ఫీల్డర్‌కు కావలసిన శిక్షణ వేరు. పోటీ జరుగుతుండగా కూడా కోచ్‌లు గట్టు మీద కూర్చుని చూస్తే సరిపోదు. బ్యాటింగ్ చేసే జట్టు తరఫున మొదటి బేస్ దగ్గర ఒకరు, మూడో బేస్ దగ్గర ఒకరు నిర్ణీత స్థలంలో నిలబడి, పరుగు తీసేవారికి ఆగమనో సాగమనో చెప్పడానికి ఆట నియమాలే చోటు కల్పించాయి.

జట్టులో పదిహేను మంది ఉన్నారని, రోజూ సాయంత్రం రెండు గంటల సాధన దొరుకుతుందని అనుకుంటే, ఒకే శిక్షకుడు పిచర్ పక్కన నిలబడినంతసేపూ బ్యాటర్లు తమ తప్పులనే మళ్లీ మళ్లీ చేస్తూ వాటిని అలవాటుగా మార్చుకుంటారు; ఆయన బ్యాటర్ల వైపు తిరిగితే పిచర్ భుజానికి కాపలా ఉండదు. ఆయన నైపుణ్యాన్ని గాని అంకితభావాన్ని గాని శంకించాల్సిన పనిలేదు. ఆట నిర్మాణమే ఏకకాలంలో మూడు నాలుగు చోట్ల శిక్షణను కోరుతుంది కాబట్టి, ఒక్కరితో నెగ్గుకురావడం ఎంతటివారికైనా సాధ్యం కాదు.

అమెరికా కళాశాలల అనుభవం

ఈ అవసరాన్ని అమెరికా కళాశాలలు దశాబ్దాల క్రితమే గుర్తించాయి. ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో లింగవివక్షను నిషేధిస్తూ 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం తరువాత అక్కడ మహిళల సాఫ్ట్‌బాల్ వేగంగా విస్తరించింది. ప్రస్తుతం అక్కడి కళాశాల క్రీడాసంఘమైన ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం, మొదటి శ్రేణి సాఫ్ట్‌బాల్ జట్టుకు ఒక ప్రధాన కోచ్, ముగ్గురు సహాయ కోచ్‌లు ఉండవచ్చు. అంతకుముందు సహాయకుల్లో ఒకరు జీతం లేని స్వచ్ఛంద కోచ్‌గా పనిచేసే పద్ధతి ఉండేది. 2023లో దాన్ని రద్దు చేసి ఆ స్థానానికీ వేతనం ఇచ్చే వీలు కల్పించారు. వీరు గాక శారీరక దారుఢ్య శిక్షకులు, గాయాలను పర్యవేక్షించే అథ్లెటిక్ ట్రెయినర్లు వేరుగా ఉంటారు.

ఓక్లహోమా విశ్వవిద్యాలయ జట్టు చరిత్ర ఈ అమరిక ఫలితాన్ని చెబుతుంది. 1995 నుంచి అక్కడ ప్రధాన కోచ్‌గా ఉన్న ప్యాటీ గ్యాసో నేతృత్వంలో ఆ జట్టు ఎనిమిది జాతీయ టైటిళ్లు గెలిచింది. అందులో 2021 నుంచి 2024 వరకు వరుసగా వచ్చినవే నాలుగు. ఆ నాలుగేళ్లూ పిచర్ల బాధ్యత చూసిన జెనిఫర్ రోచా, గతంలో గ్యాసో శిక్షణలో అదే జట్టుకు ఆడిన క్రీడాకారిణి. శిష్యురాలు ఇతర చోట్ల అనుభవం గడించి, గురువు పక్కన సహ శిక్షకురాలిగా తిరిగి చేరింది. ఒక తరం నేర్చిన మెలకువలు తరువాతి తరానికి అందడానికి అక్కడ ఒక ఉద్యోగం, ఒక జీతం, ఒక బాధ్యత సిద్ధంగా ఉన్నాయి. అమెరికా కళాశాలల ధనబలం మనకు లేదు. కానీ అనుభవజ్ఞుల పక్కన మాజీ క్రీడాకారులకు చోటు కల్పించడమనే సూత్రాన్ని పాటించడానికి ధనబలం కన్నా సంకల్పం ముఖ్యం.

పీడీ అనే ఒంటరి సేనాని

తెలుగు రాష్ట్రాల డిగ్రీ కళాశాలల్లో క్రీడల బాధ్యత ఫిజికల్ డైరెక్టర్‌ది. విద్యార్థులు పీడీ సార్, పీడీ మేడం అని పిలుచుకునే ఈ ఉద్యోగి కబడ్డీ నుంచి చదరంగం వరకు అన్ని జట్లనూ ఎంపిక చేయాలి, అంతర్‌కళాశాల పోటీలకు పంపాలి, పరికరాల కొనుగోలు చూడాలి, ఉత్సవాలు, ఊరేగింపులు, క్రమశిక్షణ కమిటీల పనులు మోయాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, నిబంధనల ప్రకారం ఈ ఉద్యోగానికి వ్యాయామ విద్యలో స్నాతకోత్తర పట్టా, జాతీయ లేదా రాష్ట్ర అర్హత పరీక్ష లేదా పరిశోధక పట్టా, శారీరక దారుఢ్య పరీక్షలో ఉత్తీర్ణత కావాలి. ఈ అర్హతలు వ్యాయామ విద్యను బోధించడానికి, క్రీడలను నిర్వహించడానికి తగినవే. అయితే ఒక నిర్దిష్ట ఆటలో పోటీ స్థాయి శిక్షణ ఇవ్వడం మరొక వృత్తి. ఈ భేదాన్ని గుర్తించబట్టే 1961లో పాటియాలాలో జాతీయ క్రీడాశిక్షణ సంస్థను నెలకొల్పి, ఆటల వారీగా కోచ్‌లకు డిప్లొమాలు ఇచ్చే ఏర్పాటు చేశారు. కళాశాలల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ రెండు వృత్తులనూ ఒకే ఉద్యోగంలో కలిపేసి, ఫలితం రాకపోతే ఆ ఒక్కరినే తప్పుపట్టే ధోరణి స్థిరపడింది. ఒంటిచేత్తో అన్ని జట్లనూ నడిపిస్తున్న పీడీల శ్రమను గౌరవించాలంటే ముందు ఆ భారాన్ని పంచాలి.

రహీం సాబ్ నేర్పిన పాఠం

ఒక్కరే అద్భుతాలు చేసిన ఉదాహరణ హైదరాబాద్‌లో ఉంది కదా అన్న వాదన ఇక్కడ వస్తుంది. 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బీఏ చదివి, విశ్వవిద్యాలయ జట్టుకు ఫుట్‌బాల్ ఆడి, ఉపాధ్యాయుడయ్యారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పనిచేశారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడిగా ఉండి, 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1952 హెల్సింకిలో యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిన జట్టు నాలుగేళ్లలో ఆ స్థాయికి చేరడం వెనుక క్రమబద్ధమైన శిక్షణ ఉంది. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నాలన్న నియమంతో, డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో ఆయన పిల్లలకు ప్రత్యేక పోటీలు నడిపారు. మొదటివాటితో రెండు కాళ్లూ సమంగా పనిచేసే ఆటగాళ్లు, రెండో రకం పోటీలతో బంతిని వెంటనే సహచరుడికి అందించే జట్టు తయారయ్యాయి.

అయితే రహీం విజయాల వెనుక కూడా ఒక వ్యవస్థ ఉంది. ఆటగాళ్లకు ఉద్యోగం, సాధనకు సమయం పోలీసు శాఖ ఇచ్చింది. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి ఆయనే కార్యదర్శి కావడంతో స్థానిక పోటీల రూపకల్పన ఆయన చేతుల్లోనే ఉంది. ఆ తీగలన్నీ ఒకే వ్యక్తి దగ్గర కలవడం ఆనాటి బలం, ఆ తరువాతి బలహీనత. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో ఆయన మరణించారు. భారత ఫుట్‌బాల్ జట్టు చివరిసారిగా ఒలింపిక్స్ ఆడింది ఆయన శిక్షణలోనే, 1960లో రోమ్‌లో. ఆయన విద్య పూర్తిగా నశించలేదు. 1962 ఫైనల్‌లో గోల్ కొట్టిన శిష్యుడు పి.కె. బెనర్జీ దాన్ని కోల్‌కతాకు తీసుకువెళ్లి, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ క్లబ్బుల శిక్షకుడిగా ఒక యుగాన్ని నడిపించారు. తులసీదాస్ బలరాం, సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ వంటి హైదరాబాద్ ఆటగాళ్లు కూడా కోల్‌కతా క్లబ్బులకే వెళ్లి పేరు తెచ్చుకున్నారు. అక్కడ వారికి జట్లు, జీతాలు, శిక్షకులుగా ఎదిగే అవకాశాలు ఉన్నాయి. గురువు పుట్టిన నగరంలో శిష్యులు శిక్షకులుగా స్థిరపడే చోటు లేకపోవడమే హైదరాబాద్ ఫుట్‌బాల్ క్షీణతకు ముఖ్యకారణాల్లో ఒకటి. 2019లో ఏర్పడి, స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ శిక్షణలో 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ సైతం 2025లో ఢిల్లీకి తరలిపోయింది. బయటినుంచి వచ్చిన సిబ్బందితో టైటిల్ దక్కింది గాని, నగరపు పాఠశాలల్లో, కళాశాలల్లో శిక్షక పరంపర వేళ్లూనుకోలేదు.

పాతబస్తీ తాలింఖానాల్లోనూ ఇదే అమరిక కనిపిస్తుంది. కుస్తీ నేర్పే ఉస్తాద్ చుట్టూ తాలింఖానా నడుస్తుంది. ఆయన పట్ల శిష్యుల భక్తి, ఆయన పెట్టే క్రమశిక్షణ అమూల్యమైనవి. ఆ ఉస్తాద్ తరువాత ఆ స్థానాన్ని అందుకోగల శిష్యుడు లేకపోతే మాత్రం మట్టి మిగులుతుంది, విద్య మిగలదు.

బ్యాడ్మింటన్ చూపిన దారి

ఇదే నగరంలో పరంపర నిలిచిన ఆట బ్యాడ్మింటన్. ద్రోణాచార్య పురస్కారం, పద్మశ్రీ పొందిన ఎస్.ఎం. ఆరిఫ్ లాల్ బహదూర్ స్టేడియంలో తరాల క్రీడాకారులకు శిక్షణ ఇచ్చారు. ఆయన తీర్చిదిద్దిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచి, 2008లో గచ్చిబౌలిలో అకాడమీ ప్రారంభించారు. 2012 లండన్‌లో సైనా నెహ్వాల్ కాంస్యానికి, 2016 రియోలో పి.వి. సింధు రజతానికి ఆ అకాడమీ పునాది అయింది. గోపీచంద్ ఒంటరిగా పనిచేయలేదు. సహాయ శిక్షకులు, దారుఢ్య నిపుణులు, ఫిజియోథెరపిస్టులు ఆయనతో ఉన్నారు. ఇండొనేసియాకు చెందిన ముల్యో హండోయో, దక్షిణ కొరియాకు చెందిన కిమ్ జీ హ్యున్ వంటి విదేశీ శిక్షకులు కూడా జాతీయ క్రీడాకారులతో ఇక్కడ పనిచేశారు. ఆరిఫ్ తరంనుంచి గోపీచంద్ తరానికి విద్య చేరడం, ఆ తరువాత అది ఒక బృందంగా విస్తరించడం అన్న రెండు మెట్లూ పూర్తికావడం వల్లనే ఈ నగరం ఆ ఆటకు రాజధాని అయింది. ఫుట్‌బాల్‌లో మొదటి మెట్టు దాటాక రెండో మెట్టు కట్టలేదు. మూసీకి దక్షిణాన ఉన్న కళాశాలల విద్యార్థులకు గచ్చిబౌలి అకాడమీ దూరంలోనూ, ఖర్చులోనూ అందనిది. వారికి ఆట నేర్పే బృందం వారి కళాశాలల దగ్గరే ఉండాలి.

శిక్షకురాలు ఉంటేనే క్రీడాకారిణి

పాతబస్తీ విషయంలో మరొక అంశం నిర్ణయాత్మకం. ఇక్కడ ఇంటర్, డిగ్రీ చదివే అమ్మాయిల్లో చాలామందికి మైదానానికి రావడమే కుటుంబం అనుమతితో ముడిపడిన విషయం. మహిళా కోచ్ ఉన్నప్పుడు తల్లిదండ్రుల మాట మారుతుంది. దుస్తుల విషయంలో, నెలసరి రోజుల్లో సాధన విషయంలో, గాయం ఎక్కడ అయిందో చెప్పుకునే విషయంలో అమ్మాయిలకు సంకోచం తగ్గుతుంది; వేరే ఊళ్లో పోటీకి వెళ్లాల్సి వచ్చినప్పుడు ఇంట్లో అభ్యంతరం బలహీనపడుతుంది. అమెరికా అనుభవంలో ఒక హెచ్చరిక కూడా ఉంది. 1972కు ముందు అక్కడి కళాశాలల మహిళా జట్లలో 90 శాతానికి పైగా మహిళా కోచ్‌ల చేతుల్లో ఉండేవి. జీతాలు, ప్రతిష్ఠ పెరిగిన కొద్దీ పురుషులు ఆ ఉద్యోగాల్లోకి వచ్చి, ఆ వాటా 2014 నాటికి 43 శాతం దరిదాపులకు పడిపోయింది. ఆడే అమ్మాయిల సంఖ్య పెరిగితే నేర్పే మహిళల సంఖ్య దానంతట అదే పెరుగుతుందని నమ్మడానికి వీల్లేదని ఇది రుజువు చేస్తుంది. అందుకే శిక్షక బృందంలో మహిళల స్థానాన్ని మొదటినుంచే నిబంధనగా రాసుకోవాలి.

ఆచరణలో పెట్టగల అమరిక

ప్రతి కళాశాలకూ నలుగురు కోచ్‌లను నియమించడం ప్రస్తుత పరిస్థితుల్లో సాధ్యం కాదు. అధ్యాపక పోస్టులే నిండని చోట అలాంటి కోరిక న్యాయమూ కాదు. పాతబస్తీ భౌగోళిక స్వరూపం మాత్రం ఉమ్మడి ఏర్పాటుకు అనువుగా ఉంది. మూసీ ఒడ్డున హైకోర్టు పక్కన ప్రభుత్వ సిటీ కళాశాల, దానికి చేరువలో కులీ కుతుబ్ షా స్టేడియం, కొద్ది దూరంలో హుస్సేనీ ఆలం ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల, ఇంకొంచెం దక్షిణంగా ఫలక్‌నుమా ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నాయి. వీటిని ఒక సముదాయంగా పరిగణించి, అన్నిటికీ కలిపి ఒకే సాఫ్ట్‌బాల్ శిక్షక బృందాన్ని ఏర్పాటు చేయవచ్చు. అందులో ఆటలో డిప్లొమా ఉన్న ప్రధాన కోచ్ ఒకరు, పిచర్లు, క్యాచర్ల బాధ్యత చూసేవారు ఒకరు, బ్యాటింగ్, ఫీల్డింగ్ చూసేవారు ఒకరు, దారుఢ్య శిక్షణ, గాయాల నివారణ చూసేవారు ఒకరు ఉండాలి. నలుగురిలో కనీసం ఇద్దరు మహిళలు కావాలి. కళాశాలల పీడీలు ఎంపిక, నిర్వహణ, హాజరు బాధ్యతలతో ఈ బృందానికి సమన్వయకర్తలవుతారు.

ఖర్చు తగ్గించే మార్గాలు కూడా నగరంలోనే ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య చదివే విద్యార్థులకు బోధనాభ్యాసం తప్పనిసరి. వారిని ఈ బృందానికి సహాయకులుగా పంపితే ఇటు జట్టుకు చేతులు పెరుగుతాయి, అటు రేపటి కోచ్‌లు తయారవుతారు. విశ్వవిద్యాలయ జట్టుకు ఆడిన అమ్మాయిలను డిగ్రీ పూర్తయిన వెంటనే గౌరవ వేతనంపై సహాయ కోచ్‌లుగా తీసుకుని, స్వల్పకాలిక శిక్షణ కోర్సులకు పంపవచ్చు. నది అవతల అఫ్జల్‌గంజ్‌లోనే ఉన్న ఉస్మానియా జనరల్ ఆసుపత్రి నిపుణుల సహకారంతో పిచర్ల భుజాలకు క్రమం తప్పని పరీక్షలు జరిపించవచ్చు. వీటన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం నిలిచే పని ఒకటుంది: ప్రతి పిచర్ రోజుకు ఎన్ని బంతులు విసిరింది, ఏ లోపం ఏ సాధనతో సరిదిద్దారు, ఏ పోటీలో ఏ వ్యూహం ఫలించింది అన్న వివరాలను బృందం తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు భాషల్లో నమోదు చేసి, తరువాత వచ్చేవారికి అప్పగించాలి. కోచ్ బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా ఆ జ్ఞానం కళాశాల ఆస్తిగా మిగులుతుంది.

కబడ్డీ, క్రికెట్ వంటి ఆదరణ ఉన్న ఆటలను వదిలి సాఫ్ట్‌బాల్‌కు ఇంత అమరిక అవసరమా అన్న ప్రశ్న సహజమే. ఈ ఆట 2028 లాస్ ఏంజెలిస్ క్రీడలతో మళ్లీ ఒలింపిక్స్‌లోకి వస్తున్నా, ఈ ప్రతిపాదనకు ఆధారం పతకాల ఆశ కాదు. పోటీ తక్కువగా ఉన్న ఆటలో, చిన్నప్పటినుంచి అకాడమీల్లో పెరగని సాధారణ విద్యార్థినికి కూడా డిగ్రీ మొదటి సంవత్సరంలో బంతి పట్టుకుని మూడో సంవత్సరానికి విశ్వవిద్యాలయ జట్టులో చేరే అవకాశం ఉంటుంది. ఇక్కడ రుజువైన బృంద పద్ధతిని హాకీకి, వాలీబాల్‌కు, ఆటగాళ్లకు కొదవలేని పాతబస్తీలోని బార్కస్ ప్రాంతపు ఫుట్‌బాల్‌కు విస్తరించడం తేలిక. రాష్ట్ర ప్రభుత్వం క్రీడావిధానాన్ని, క్రీడా విశ్వవిద్యాలయాన్ని గురించి మాట్లాడుతున్న ఈ సమయంలో, కొత్త భవనాలకు కేటాయించే ప్రతి మొత్తంలోనూ శిక్షకుల జీతాలకు ఎంత వాటా అని శాసనసభ్యులు, విశ్వవిద్యాలయ పాలకమండళ్లు, తల్లిదండ్రులు నిలదీయాలి. హైదరాబాద్‌కు మరో రహీం ఎప్పుడు దొరుకుతారో ఎవరూ చెప్పలేరు. దొరికిన రోజున ఆయన పక్కన నిలబడి నేర్చుకుని, ఆయన తరువాత నేర్పగల నలుగురిని ఈలోగా సిద్ధం చేసుకోవడం మాత్రం పూర్తిగా ఈ నగరం చేతుల్లో ఉన్న పని.